హైదరాబాద్‌లో ఇంటి ధర, ఇంటి పరిసరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఇల్లు కొనాలనుకునేవారు, ఉన్న ఇల్లు అమ్మాలనుకునేవారు, అద్దెకు దిగబోయేవారు తరచుగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి, వాటికి జవాబులు రాశాను. ఒకే వైశాల్యం, ఒకే నాణ్యత ఉన్న రెండు ఫ్లాట్లకు రెండు ప్రాంతాల్లో ఇంత తేడా ఎందుకు ఉంటుందన్నదే వీటన్నిటికీ మూలమైన ప్రశ్న. చాలా కుటుంబాలు జీవితంలో ఒక్కసారే ఇల్లు కొంటాయి. గదులను, పలకలను, వంటింటి గట్టును గంటల తరబడి పరిశీలించి, గోడకు అవతల ఏముందో చూడకుండానే బయానా ఇచ్చేస్తాయి. ఈ జవాబులు ఆ రెండో పరిశీలనకు పనికి రావాలని నా కోరిక.

ఇంటి ధరలో పరిసరాల వాటా ఎంతో విడిగా లెక్క కట్టవచ్చా?

అన్ని ఇళ్ళకూ సరిపోయే అంకె లేదు కానీ, లెక్క కట్టే దారి ఉంది. ఫ్లాటు కొన్నప్పుడు మన చేతికి రెండు వస్తాయి. ఒకటి కట్టడం, రెండోది ఆ కట్టడం నిలబడిన నేలలో విడదీయని వాటా, అంటే దస్తావేజులో గజాల్లో రాసే అన్‌డివైడెడ్ షేర్. సిమెంటు, ఇనుము, ఇసుక, మేస్త్రీ కూలి కొండాపూర్‌లో ఎంతో వనస్థలిపురంలోనూ దాదాపు అంతే కాబట్టి, ప్రాంతాన్ని బట్టి మారేది ముఖ్యంగా నేల విలువే.

ఉదాహరణకు 1200 చదరపు అడుగుల ఫ్లాటుకు 40 గజాల నేల వాటా ఉందని, కట్టడానికి చదరపు అడుగుకు 2500 రూపాయలు అయ్యాయని అనుకుందాం. కట్టడం విలువ 30 లక్షలు. గజం లక్ష రూపాయలు పలికే చోట నేల వాటా విలువ 40 లక్షలు, మొత్తం 70 లక్షలు. గజం 50 వేలు పలికే చోట అదే ఫ్లాటు 50 లక్షలకే వస్తుంది. తేడాగా ఉన్న ఆ 20 లక్షలలో ఒక్క రూపాయి కూడా గోడలకు ఇచ్చింది కాదు. ఆఫీసు ఎంత దూరం, కుళాయిలో నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయి, వాన పడితే వీధి ఎలా ఉంటుంది, చుట్టుపక్కల ఎవరుంటారు అన్నవాటికి ఇచ్చింది. పాతికేళ్ళు గడిచేసరికి గోడలు పాతబడి వాటి విలువ తరిగిపోతుంది. నేల వాటా విలువ మాత్రం పరిసరాలతో పాటు పెరుగుతుంది, లేదా వాటితో పాటే పడిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. హైదరాబాద్‌లో ఇతర మహానగరాల మాదిరిగా స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి లేకపోవడం వల్ల పడమటి వైపు టవర్లు చాలా ఎత్తుకు లేచాయి. అలాంటి టవరులో ఒక్కో ఫ్లాటుకు వచ్చే నేల వాటా, ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటులో వచ్చేదాని కంటే బాగా తక్కువగా ఉంటుంది. కనుక ప్రాంతంలో గజం ధర పెరిగిందన్న వార్త రెండు ఫ్లాట్ల యజమానులకూ ఒకే మేలు చేయదు.

పరిశోధకులు ఒక్కొక్క అంశం విలువను ఎలా విడదీస్తారు?

ఎద్దుల సంతలో రైతు పళ్ళు చూస్తాడు, నడక చూస్తాడు, మూపురం చూస్తాడు, వయసు అడుగుతాడు, చివరికి జత మొత్తానికి ఒకే ధర చెబుతాడు. పళ్ళకు ఇంత, నడకకు ఇంత అని ఎవరూ విడిగా బేరమాడరు. అయినా వంద జతల బేరాలను రాసి పెట్టుకుని, నడక బాగున్నవాటికీ లేనివాటికీ మధ్య తేడా చూస్తే, ఆ సంతలో నడకకు ఎంత విలువ ఉందో బయటపడుతుంది. ఇళ్ళ విషయంలోనూ ఇదే పద్ధతి. దీన్ని హెడోనిక్ విశ్లేషణ అంటారు. ఇల్లు అనేది అనేక లక్షణాల మూట అని, మార్కెట్టు ఆ మూటకు ధర కడుతూ లోపలి లక్షణాలకు కూడా కనపడని ధర కడుతుందని 1974లో షెర్విన్ రోజెన్ అనే ఆర్థికశాస్త్రవేత్త సిద్ధాంతంగా రాశాడు. వేలాది అమ్మకాల వివరాలు ఉంటే, గదుల సంఖ్య, వయసు, అంతస్తు వంటివి సమానంగా ఉన్న ఇళ్ళను పోల్చి, చెరువు దగ్గరగా ఉండటానికో స్టేషను నడిచేంత దూరంలో ఉండటానికో జనం ఎంత ఎక్కువ ఇస్తున్నారో అంచనా వేయవచ్చు.

అయితే ఈ లెక్కకు నిజమైన అమ్మకపు ధరలు కావాలి. మన దగ్గర దస్తావేజులో రాసే మొత్తానికీ చేతులు మారే మొత్తానికీ చాలాకాలంగా తేడా ఉంటూ వచ్చింది. అందుకే మన నగరాలపై వచ్చే అంకెలను, ముఖ్యంగా అమ్మకానికి పెట్టిన ప్రకటనల్లోని ధరల ఆధారంగా వేసినవాటిని, అడిగిన ధరలుగానే చూడాలి తప్ప ఇచ్చిన ధరలుగా చూడకూడదు.

నగరం నడిబొడ్డుకు దగ్గరగా ఉంటే ధర ఎక్కువ అంటారు. మరి కోకాపేట ఎందుకు ఖరీదైంది?

పనికి వెళ్ళి వచ్చే సమయం, ఖర్చు మిగులుతాయి కాబట్టి కేంద్రానికి దగ్గరి నేలకు జనం ఎక్కువ ఇస్తారని, దూరం పెరిగే కొద్దీ ధర తగ్గుతుందని 1960లలో విలియం అలాన్సో అనే పరిశోధకుడు నగరాల గురించి సూత్రీకరించాడు. సూత్రం ఇప్పటికీ సరైనదే, కాకపోతే కేంద్రం ఎక్కడుందన్నదే ప్రశ్న. ఒకప్పుడు హైదరాబాద్‌కు కేంద్రం అంటే కోఠి, అబిడ్స్, సికింద్రాబాద్. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత, జీతాలు ఎక్కువగా ఉండే ఉద్యోగాలు పడమటి వైపు చేరాయి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుంది, అదే ఏడాది గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వరకు ఔటర్ రింగ్ రోడ్డు తొలి భాగం వచ్చింది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు పూర్తయ్యేనాటికి నగరపు బరువు మొత్తం పడమటికి ఒరిగిపోయింది.

2021 జులైలో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్ స్థలాలను వేలం వేసినప్పుడు ఎకరం గరిష్ఠంగా 60.2 కోట్లు పలికింది. 2023 ఆగస్టు వేలంలో అక్కడే 100.75 కోట్లకు చేరింది. ఎకరానికి 4840 గజాలు కాబట్టి ఇది గజానికి రెండు లక్షల పైమాట. చార్మినార్ నుంచి కొలిస్తే కోకాపేట ఊరి చివర, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి కొలిస్తే పక్క వీధి. దూరాన్ని మీ ఇంట్లో ఉద్యోగం చేసేవారి ఆఫీసు నుంచి కొలవాలి, అది కూడా కిలోమీటర్లలో కాదు, ఉదయం తొమ్మిదింటికి పట్టే నిమిషాల్లో. భార్యాభర్తలిద్దరూ రెండు దిక్కుల పనిచేస్తుంటే ఇద్దరి నిమిషాలనూ కూడాలి.

మెట్రో స్టేషను దగ్గరుంటే ధర తప్పక పెరుగుతుందా?

నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉంటే సాధారణంగా పెరుగుతుంది, మరీ ఆనుకుని ఉంటే లాభంతో పాటు నష్టం కూడా ఉంటుంది. మూడో అంతస్తు కిటికీకి ఎదురుగా రైలు వెళ్ళే ఇంట్లో చప్పుడు, గోప్యత లేకపోవడం, స్టేషను కింద ఆటోల రద్దీ ధరను కొంత వెనక్కి లాగుతాయి. రెండు మూడు వీధులు లోపలికి, పది నిమిషాల నడక దూరంలో ఉన్న ఇళ్ళకే ఎక్కువ ప్రయోజనం దక్కుతుంది. కిలోమీటరున్నర దాటితే స్టేషను దాకా ఆటో ఎక్కాల్సి వస్తుంది కాబట్టి మెట్రో పేరు ప్రకటనలో ఉంటుంది తప్ప రోజువారీ బతుకులో ఉండదు.

ఎప్పుడు పెరుగుతుందన్నది ఇంకా ముఖ్యం. హైదరాబాద్ మెట్రోకు ఒప్పందం 2010లో కుదిరింది, మియాపూర్ నుంచి నాగోలు వరకు తొలి రైళ్ళు 2017 నవంబరులో నడిచాయి. ఆ మధ్య ఏడేళ్ళలోనే స్తంభాలు లేచిన చోటల్లా స్థలాల ధరలకు రెక్కలు వచ్చాయి. రైలు నడిచే రోజుకు మెట్రో విలువ చాలావరకు ధరలో కలిసిపోయే ఉంటుంది. కనుక నడుస్తున్న మెట్రో పక్కన కొనేవారు సౌకర్యం కోసం కొనాలి, ఇంకా పెరుగుతుందన్న లెక్కతో కాదు.

రేపు రాబోయే రోడ్డును, రాబోయే కంపెనీని చూపించి ఎక్కువ ధర చెబుతున్నారు. నమ్మవచ్చా?

ఈ పేజీలో అన్నిటికంటే శ్రద్ధగా చదవమని నేను కోరే జవాబు ఇదే. ప్రతి ప్రాంతానికీ రెండు ధరలు ఉంటాయి. ఒకటి అద్దె, ఇంకొకటి అమ్మకపు ధర. అద్దెకుండేవారు రేపటి మెట్రో కోసం ఈ నెల అద్దె ఎక్కువ ఇవ్వరు. వారు ఈ రోజు వచ్చే నీళ్ళకు, ఈ రోజు ఉన్న బస్సుకు, ఈ రోజు నడిచే బడికే డబ్బిస్తారు. కొనేవారు మాత్రం ఈ రోజు సౌకర్యంతో పాటు రేపటి ఆశకు కూడా చెల్లిస్తారు. కాబట్టి ఒక ప్రాంతం ధరలో నిజం ఎంత, ఆశ ఎంత అని తేల్చుకోవాలంటే, ఇంటి ఏడాది అద్దెను దాని ధరతో భాగించి చూడాలి. మన నగరాల్లో ఇది సాధారణంగా రెండు నుంచి నాలుగు శాతం మధ్య ఉంటుంది. 80 లక్షల ఫ్లాటుకు నెలకు 22 వేలు అద్దె వస్తే 3.3 శాతం. అదే 80 లక్షలకు మరోచోట 12 వేలే వస్తుంటే 1.8 శాతం. రెండో చోట మీరు ఇస్తున్నదానిలో పెద్ద భాగం ఇంకా పుట్టని రోడ్డుకూ, ఇంకా రాని ఆఫీసుకూ ఇస్తున్నట్టు.

ఆశ అబద్ధమని నేను అనడం లేదు. 2000 ప్రాంతంలో మాదాపూర్‌లో ఆశకు చెల్లించినవారు బాగుపడ్డారు. కానీ ఆశ ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి. అమరావతి మన కళ్ళ ముందు జరిగిన ఉదాహరణ. 2015లో భూసమీకరణ, శంకుస్థాపనలతో ఆ 29 గ్రామాల్లోనూ, విజయవాడ, గుంటూరు శివార్లలోనూ స్థలాల ధరలు ఎగబాకాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన రాగానే కుప్పకూలాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే మళ్ళీ లేచాయి. ఈ తొమ్మిదేళ్ళలో ఆ నేల మారలేదు, కృష్ణ నది పక్కకు జరగలేదు, మారింది నిర్ణయం ఒక్కటే. కూతురి పెళ్ళి కోసమో చదువు కోసమో దాచిన సొమ్మును ఇలాంటి చోట పెట్టినవారు అవసరమైన ఏడాదిలో అమ్ముకోలేక పడిన బాధను ఏ సగటు అంకె చూపించదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్మనవసరం లేని డబ్బునే ఆశ మీద పెట్టాలి.

వరద ముంపు ధరలో కనబడుతుందా?

వానాకాలంలో కనబడుతుంది, వేసవిలో కనబడదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన కుండపోతకు నగరంలో వందలాది కాలనీలు మునిగాయి. టోలీచౌకిలోని నదీం కాలనీ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. పాతబస్తీ వైపు పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి కింది కాలనీల మీద పడ్డాయి, ప్రాణాలు పోయాయి. అలాంటి సంఘటన తర్వాత ఆ వీధుల్లో కొనేవారు వెనకాడతారు, ధర తగ్గుతుంది. రెండు మూడు వానాకాలాలు ప్రశాంతంగా గడిస్తే జనం మరిచిపోతారు, ధర మళ్ళీ పక్క కాలనీతో సమానమవుతుంది. అమెరికా నగరాల మీద జరిగిన అధ్యయనాల్లో కూడా వరద తర్వాత వచ్చిన తగ్గుదల కొన్నేళ్ళకు కరిగిపోవడం కనిపించింది. ధర మరిచిపోతుంది, నీరు మాత్రం పల్లాన్ని మరిచిపోదు.

హైదరాబాద్ రాతి నేల మీద, ఎత్తుపల్లాల మీద పెరిగిన ఊరు. పూర్వులు ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా చెరువులు తవ్వించారు. ఆ గొలుసులో ఏ లంకె మీద ఇల్లు కట్టినా పై నీరు అక్కడికే వస్తుంది. ప్రాంతం పేరు కూడా కొంత చెబుతుంది. మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు ట్యాంకు లేదు, నల్లకుంటలో కుంట కనబడదు. పేరు చివర కుంట, చెరువు, తాలాబ్ అని ఉన్నంత మాత్రాన కొనకూడదని కాదు. మీరు చూస్తున్న వీధి ఆ పాత నీటి పరిధిలో ఉందా, ఒడ్డు మీద ఉందా అని గ్రామ నక్షాలో చూసుకోవాలి.

ఎఫ్‌టీఎల్, బఫర్ అంటే ఏమిటి? వాటి వల్ల ధర ఎందుకు పడిపోతుంది?

చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ హద్దు బయట కట్టడం లేకుండా వదలాల్సిన స్థలమే బఫర్. 2012 నాటి జీవో 168 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పైన నాలాలకు 9 మీటర్లు, సన్నవాటికి 2 మీటర్లు. వేసవిలో చెరువు లోపలికి తగ్గి పొలంలా కనిపించినప్పుడు అమ్మే స్థలాలు చాలావరకు ఈ పరిధిలోవే ఉంటాయి, చుట్టుపక్కల గజం 60 వేలుంటే ఇక్కడ 25 వేలకే ఇస్తామంటారు. ఆ తగ్గింపు బహుమానం కాదు, ముప్పుకు కట్టిన ధర. 2024 జులైలో ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి చెరువుల్లోని కట్టడాలను కూల్చడం మొదలుపెట్టాక, ఆ ముప్పు ఎంత పెద్దదో అప్పు తీసుకుని కట్టుకున్న మధ్యతరగతి వారికి చేదుగా తెలిసి వచ్చింది. మున్సిపాలిటీ పన్ను కట్టించుకుంటోంది, కరెంటు మీటరు ఇచ్చారు, రిజిస్ట్రేషన్ అయింది అన్నవి ఏవీ స్థలం చెరువులో లేదనడానికి రుజువులు కావు.

నియమపు గీత ఒక్కటే ధరను ఎలా చీలుస్తుందో జీవో 111లోనూ చూడవచ్చు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996లో 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టారు. గీతకు బయట టవర్లు లేస్తుంటే లోపల పొలాలు పొలాలుగానే ఉన్నాయి. 2022లో జీవో 69తో సడలింపు వచ్చినప్పుడు అక్కడి భూముల మీద ఆశ పెరిగింది. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికే ఆ రెండు జలాశయాలను కట్టారన్న సంగతి మరవకూడదని నా మనవి.

నీళ్ళ సరఫరా ధరను ప్రభావితం చేస్తుందా?

చేస్తుంది, కానీ ధర కంటే నెల ఖర్చులో ఎక్కువగా కనబడుతుంది. మంజీరా, కృష్ణా, గోదావరి నీటి కనెక్షన్ ఉన్న పాత కాలనీలకూ, బోరు మీదే ఆధారపడి కట్టిన కొత్త శివార్లకూ మధ్య తేడా ఫిబ్రవరి దాకా తెలియదు. ఏప్రిల్‌లో బోర్లు ఎండాక అపార్ట్‌మెంటు గేటు ముందు ట్యాంకర్లు వరుస కట్టినప్పుడు తెలుస్తుంది. కొనే ముందు అసోసియేషన్ వారిని అడిగి, గత వేసవి మూడు నెలల్లో ట్యాంకర్లకు ఎంత ఖర్చయిందో లెక్క చూడండి. మెయింటెనెన్స్‌లో నెలకు రెండు వేలు అదనం అంటే ఏడాదికి 24 వేలు, ఇరవై ఏళ్ళకు దాదాపు ఐదు లక్షలు. ఆ మేరకు ఇల్లు ఖరీదైనదనే అర్థం.

వాసన, పొగ, డంపింగ్ యార్డు వంటివాటికి ధర ఎంత తగ్గుతుంది?

దూరాన్ని బట్టి, గాలి వీచే దిక్కును బట్టి తగ్గుతుంది. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వల్ల దమ్మాయిగూడ, నాగారం, కాప్రా వైపు కాలనీలు ఏళ్ళ తరబడి దుర్వాసన భరించాయి. బొల్లారం, జీడిమెట్ల పారిశ్రామికవాడల చుట్టుపక్కల రాత్రిపూట రసాయనాల వాసన గురించి నివాసులు ఎన్నోసార్లు ఫిర్యాదు చేశారు. విశాఖపట్నం వన్‌టౌన్‌లో పోర్టు నుంచి వచ్చే నల్లని దుమ్ము బట్టల మీద, పళ్ళేల మీద పేరుకోవడం అక్కడివారికి నిత్యానుభవం. పగలు పదకొండింటికి ఇల్లు చూడటానికి వెళ్ళినవారికి ఇవేవీ తెలియవు. అమ్మేవారు చూపించే సమయమే అలాంటిది.

మంచి బడి దగ్గరుంటే ధర పెరుగుతుందా?

అమెరికాలో ఏ వీధి పిల్లలు ఏ ప్రభుత్వ బడికి వెళ్ళాలో గీత గీసి చెబుతారు కాబట్టి, ఆ గీతకు అటూ ఇటూ ఉన్న ఒకేలాంటి ఇళ్ళను పోల్చి శాండ్రా బ్లాక్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1999లో బడి విలువను కొలిచింది. పరీక్షల మార్కులు 5 శాతం మెరుగైతే తల్లిదండ్రులు ఇంటికి సుమారు 2.5 శాతం ఎక్కువ ఇస్తున్నారని తేల్చింది. మన దగ్గర ప్రైవేటు బడికి అలాంటి హద్దు లేదు, ఫీజు కట్టగలిగితే ఎక్కడినుంచైనా చేరవచ్చు. కాబట్టి ఇక్కడ బడి విలువ అంటే బస్సులో పిల్లవాడు గడిపే సమయం విలువ. ఉదయం ఆరున్నరకే రోడ్డు మీద నిలబడే ఆరేళ్ళ పిల్లను చూసినప్పుడల్లా, ఆ గంటకు ధర కట్టడం తల్లిదండ్రులకు ఎంత కష్టమో అనిపిస్తుంది. మంచి ప్రభుత్వ పాఠశాల ప్రతి బస్తీలోనూ ఉంటే ఇళ్ళ ధరల్లోని ఈ భాగం చాలా తేలికపడేది.

తూర్పు ముఖం, వీధిపోటు, కార్నర్ ప్లాటు వంటివి నిజంగా లెక్కలోకి వస్తాయా?

వస్తాయి. వాస్తును మీరు నమ్మినా నమ్మకపోయినా, రేపు మీ దగ్గర కొనేవారు నమ్ముతారు. అందుకే ఒకే వెంచర్‌లో తూర్పు, ఉత్తర ముఖాలకు ఎక్కువ, వీధిపోటు ఉన్న స్థలానికి తక్కువ చెబుతారు. పట్టింపు లేనివారికి దక్షిణ ముఖం స్థలం చవకగా రావడం లాభమే, కానీ అమ్మేటప్పుడు అదే తగ్గింపు వారూ ఇవ్వాలి. మెయిన్ రోడ్డు సంగతి వేరు. దుకాణం పెట్టేవారికి అది వరం, నిద్రపోవాల్సినవారికి చప్పుడు.

గేటెడ్ కమ్యూనిటీకి అంత ఎక్కువ ఎందుకు?

గోడ లోపల సొంత నీటి శుద్ధి, జనరేటరు, కాపలా, పార్కు, నడక దారి ఉంటాయి. అంటే నగరం అందరికీ ఇవ్వాల్సినవాటిని అక్కడివారు డబ్బిచ్చి సొంతంగా ఏర్పాటు చేసుకున్నారు, ఆ ఏర్పాటుకే ఎక్కువ ధర. గేటు బయట రోడ్డు మునిగినప్పుడు, పొగమంచుతో కలిసి దుమ్ము వచ్చినప్పుడు గోడ ఏమీ ఆపలేదు. బయటి పరిసరాలను కూడా అంతే శ్రద్ధగా చూసి కొనాలి.

చుట్టుపక్కల ఎవరు ఉంటారన్నదాన్ని బట్టి ధర మారుతుందంటారు. ఇది సరైనదేనా?

మారుతుందన్నది వాస్తవం, సరైనది కాదన్నది నా దృఢమైన అభిప్రాయం. సాఫ్ట్‌వేర్ కోర్సులు చదివిన తెలుగు పిల్లలు వేలాదిమంది బోస్టన్ ఇళ్ళ ధరల డేటా మీద లెక్కలు నేర్చుకున్నారు. 506 ప్రాంతాల వివరాలతో ఉన్న ఆ పట్టిక, స్వచ్ఛమైన గాలికి జనం ఎంత చెల్లిస్తారో కొలవడానికి హారిసన్, రూబిన్‌ఫెల్డ్ అనే పరిశోధకులు 1978లో చేసిన అధ్యయనంలోది. అందులో ఒక నిలువు వరుస నల్లజాతి జనాభా నిష్పత్తికి సంబంధించినది. జాతుల వారీగా వేరువేరుగా నివసించడం ధరకు మేలు చేస్తుందన్న ఊహ దాని వెనక ఉందన్న విమర్శ రావడంతో, సైకిట్-లెర్న్ అనే ప్రోగ్రామింగ్ లైబ్రరీ నుంచి ఆ డేటాను తొలగించారు. అమెరికాలో 1930లలో నల్లజాతి వారుండే వీధులను పటం మీద ఎర్ర రంగుతో గుర్తించి గృహరుణాలకు ప్రమాదకరమన్నారు. అప్పు రాని వీధిలో ఇళ్ళు పాడయ్యాయి, పాడైన ఇళ్ళను చూపించి ఆ మనుషులే కారణమన్నారు.

మన నగరంలో పటం గీయకుండానే ఇలాంటిది జరుగుతుంది. అద్దె ఇల్లు అడిగితే ముందు ఇంటిపేరు, తర్వాత తిండి, ఆ తర్వాత ప్రార్థన స్థలం అడుగుతారు. ఒక మతం వారికో కులం వారికో నాలుగు వీధుల్లోనే ఇల్లు దొరికితే, ఆ వీధుల్లో అద్దెలు అవసరానికి మించి పెరుగుతాయి, సౌకర్యాలు మాత్రం పెరగవు. ఇలాంటి ధర తేడా పరిసరాల గుణాన్ని చెప్పదు, మన మనసును చెబుతుంది. పట్టికలో ఆ అంకె కనిపించినప్పుడు దాన్ని సౌకర్యాల సరసన కూర్చోబెట్టకూడదు.

ప్రభుత్వ మార్కెట్ విలువకూ అసలు ధరకూ తేడా ఎందుకు?

రిజిస్ట్రేషన్ శాఖ ప్రాంతాల వారీగా నిర్ణయించే విలువ, పన్ను వసూలుకు కనీస ఆధారం మాత్రమే. దాన్ని కొన్నేళ్ళకు ఒకసారి సవరిస్తారు. తెలంగాణలో 2021 జులైలో, మళ్ళీ 2022 ఫిబ్రవరిలో సవరించారు. మధ్యలో బజారు ధర ఎటు పోయినా ఆ అంకె కదలదు. 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిసి 7.5 శాతం అయ్యాయి కాబట్టి, బడ్జెట్ వేసుకునేటప్పుడు దీన్ని మరవవద్దు.

ప్రాంతం బాగుపడితే అందరికీ లాభమేనా?

సొంత ఇల్లున్నవారికి లాభం. అద్దెకున్నవారికి మెరుగైన రోడ్డుతో పాటు పెరిగిన అద్దె కూడా వస్తుంది. మాదాపూర్, గచ్చిబౌలి టవర్లలో ఇళ్ళు ఊడ్చి వంట చేసేవారు ప్రతి కొత్త టవరుతో ఇంకొంచెం దూరం జరుగుతున్నారు, వారి పని గంటలకు ప్రయాణపు గంటలు కలుస్తున్నాయి. ప్రజల పన్నుతో వేసిన రోడ్డు, మెట్రో పక్క స్థలాలకు తెచ్చిపెట్టిన విలువలో కొంత భాగం తిరిగి నగరానికి చేరి, ఆ ప్రాంతంలోనే తక్కువ ఆదాయం వారికి ఇళ్ళు కట్టడానికి వాడితే న్యాయంగా ఉంటుంది.

కొనే ముందు ఒక వీధిని సొంతంగా ఎలా పరిశీలించాలి?

ఒకే వీధికి నాలుగు వేళల్లో వెళ్ళాలి. పనిరోజు ఉదయం ఎనిమిదిన్నరకు మీ ఆఫీసు దారిలో, సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఆడవాళ్ళు ఒంటరిగా నడుస్తున్నారో లేదో చూడటానికి, రాత్రి పదకొండు దాటాక గాలి పీల్చడానికి, వీలైతే గట్టి వాన పడుతుండగా. ఇంటి యజమానిని, మధ్యవర్తిని అడిగే ప్రశ్నలే ఇస్త్రీ బండి అతన్ని, కిరాణా దుకాణం వారిని, పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను కూడా అడగాలి. వారికి అమ్మడంలో లాభం లేదు కాబట్టి నిజం చెబుతారు. ప్రాజెక్టు కొత్తదైతే, 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ కడుతుంటే రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి కనుక ఆ నంబరు అడిగి తీసుకోవాలి. నీటి హద్దుల కోసం హెచ్ఎండీఏ చెరువుల పటాల్లో సర్వే నంబరు వెతకాలి.

చివరగా సెల్లారులోకి దిగి గోడలు చూడాలి. నీళ్ళు నిలిచిన సెల్లారులో ఒక ఎత్తు వరకు మట్టి గీత ఉంటుంది, స్విచ్‌బోర్డులను నడుము పైకి మార్చి ఉంటారు. గోడ మొత్తం పాత రంగులో ఉండి కింది మూడడుగులు మాత్రమే కొత్తగా రంగు వేసి కనిపిస్తే, అది ఏ సంవత్సరం వేశారో, ఎందుకు వేశారో వాచ్‌మన్‌ను అడగండి.